జనరేటర్ తాడు

ఇరవై రెండు తీర్థాలు చేశానండి దంగేటి వారి దళానికి.
మైకు నాది, గొంతులు వాళ్ళవి.
వరహాలమ్మ గారికి ట్రెబుల్ తగ్గించాలి,
తమ్ముడు బుల్లియ్యకి కాస్త పెంచాలి,
కూతురు ధనకుమారి కొత్తగా వంత పాడుతోంది,
మైకుకి జానెడు దూరంలో నిలబడమంటే
సిగ్గుతో మూరెడు జరుగుతుంది.
నాకు తెలిసిన సంగీతమంతా ఈ మూడు మీటల్లోనే.

వైశాఖం. లంకలో అమ్మవారి తీర్థం.
పంటు మీద బాక్సులు దాటించేసరికి
చొక్కా పిండితే చారెడు గోదారి.
ఆ ఉక్కకి గుమ్మెట చర్మం మెత్తబడితే
బుల్లియ్య పాత పేపర్లు మంటేసి
చంటిదానికి కాపడం పెట్టినట్టు
అటూ ఇటూ తిప్పాడు.
"నాన్నయితే తాటాకు మంట వేసేవాడు,
పేపరు సెగకి శ్రుతి నిలవదురా"
అంది వరహాలమ్మ గారు, కిళ్ళీ ఉమ్మేసి.
ఆవిడకి అన్నిటికీ నాన్నే కొలత.
బొటనవేలి అందె కూడా ఆయనదే,
వదులైతే దారం చుట్టి తొడుక్కుంటుంది.

రాత్రి పదకొండు దాటింది.
కథలో యుద్ధం అయిపోయింది.
దివిటీ పట్టుకుని ఒక తల్లి
శవాలని ఒక్కొక్కటే తిప్పి చూస్తోంది.
ఐసు బండివాడు గంట కొట్టడం ఆపాడు.
సరిగ్గా అప్పుడే
కరెంటు పోయింది.

లంకకి లంకంతా చీకటి.
జీళ్ళ కొట్టు దగ్గర పిల్లల గోల.
రెండు మూడు సెల్ ఫోన్లు వెలిగి, ఆరాయి.
"ఏరా పోసిబాబూ, జనరేటరూ!"
కమిటీ ప్రెసిడెంటు గారి కేక.
తాడు చుట్టాను. కాలు తన్నిపెట్టాను.
లాగబోతున్నాను.

ఆవిడ ఆగలేదండి.

నా పెట్టెలోంచి కాకుండా
ఆవిడలోంచి వచ్చింది పాట.
ఇన్నేళ్ళూ నేను తగ్గించేసిన ఆ గరగర,
పడవ అడుగు ఇసకమేట మీద ఒరుసుకున్నట్టుండే ఆ గరగర,
అదేనట పాటంటే. నాకేం తెలుసు.
"కొడకా" అన్నచోట గొంతు చీలింది,
అతుక్కోలేదు, అలా చీలే నడిచింది.
చీకట్లో ఒక ముసలాయన లేచి నిలబడి
"సూరన్న! మన సూరన్న గొంతర్రా!" అన్నాడు.
సూరన్న పోయి పందొమ్మిదేళ్ళు.
చప్పట్లు లేవు.
ఎవరో ముక్కు చీదిన చప్పుడు, అంతే.
ధనకుమారికి పక్కకి జరగడానికి ఇక మైకు లేదు.
తల్లి వెనకనించి ముందుకొచ్చి
తందాన తాన అని అందుకుంది.
అదే గరగర, లేతగా,
ముంజె మీద గోరు దిగినట్టు.

చేతిలో తాడు చెమటకి తడిసింది.
లాగితే క్షణం పని.
కథ మంగళం పాడేదాకా
లాగలేదు.

జనరేటరు చెడిందన్నాను,
అమ్మవారి ఎదురుగా నిలబడి.
అయిదొందలు కోశారు.

తెల్లారి పంటు మీద,
తాత అందె తన వేలికి పెట్టి చూసుకుంటోంది ధనకుమారి.
దారం ఇంకో నాలుగు చుట్లు కావాలి.
బాక్సుల మధ్య బెల్లంముక్క చప్పరిస్తూ
వరహాలమ్మ గారు,
గొంతు పూర్తిగా పోయింది, అంతా సైగలే,
నా భుజం తట్టి, చెవి చూపించి,
చెయ్యి తిప్పి మెచ్చుకుంది:
రాత్రి మైకు భలే పలికిందట.
బుల్లియ్య నవ్వాపుకోలేక
గోదారి వైపు తిరిగిపోయాడు.

ఆయ్, అన్నాను.