మాట రావాలి, పాట రాకూడదు

"పక్కమనిషితో మాట్లాడగలగాలి,
పాట మాత్రం పాడలేకపోవాలి.
అదే నీ వేగం" అంది డాక్టర్ లమ్యా.
వారానికి అయిదు రోజులు, రోజుకి అరగంట.
నూట పద్నాలుగు కిలోల ట్రాము కండక్టర్ని,
ముప్ఫై ఏళ్ళు అలెగ్జాండ్రియా అంతా నిలబడే తిరిగాను.
నడిచింది మాత్రం ట్రాము.

తెల్లవారుజామున సముద్రపు గట్టున ముగ్గురం.
బట్టల మిల్లులో మగ్గాల లెక్క రాసిన ఫిక్రీ,
కొత్త బూట్లు కరిచి కుంటుతున్న నజీహా,
ట్రాక్‌సూటు కొననని మొండికేసి
గలబియ్యా అంచు ఎగదోపుకున్న నేను.
ముగ్గురికీ ఒకటే జబ్బు, ఇంచుమించు ఒకటే పొట్ట.

మొదటి వారం షాత్బీ నుంచి కాంప్ సీజర్ దాకా.
ఒక్క స్టాపు.
టిక్కెట్టు కొట్టేలోపే జనం దిగిపోయే దూరం.
అక్కడ సిమెంటు దిమ్మ మీద కూలబడి
చిల్లర పారేసుకున్నవాడిలా
ఊపిరి వెతుక్కున్నాను.

"నీకెక్కడ అంటింది?" అని అడిగింది నజీహా.
మాట్లాడగలగాలి కదా,
అడుగుకో మాట చొప్పున చెప్పాను.

దమన్హూర్ దగ్గర మా బడి.
కాలవలో ఈదే పిల్లలం,
ఎర్రగా పోసుకునే పిల్లలం.
ప్రతి మంగళవారం తెల్ల వ్యాను వచ్చేది.
వరండాలో స్టవ్వు, స్టవ్వు మీద గిన్నె,
నీళ్ళు మరగకముందే పైకొచ్చే గాజు సిరంజి.
నా ముందు మా అన్న జబర్, నా వెనక మంగలి కొడుకు.
సూది అన్నలోంచి నాలోకి, నాలోంచి వాడిలోకి,
నలభైమందినీ ఒక్క దారానికి గుచ్చినట్టు.
నర్సు మంచిదే.
ఏడవని వాళ్ళకి ఖర్జూరప్పండు పెట్టేది.
నేను ఏడవలేదు.
కాలవ పురుగు చచ్చింది, అది నిజం.
అన్న నిరుడు పోయాడు, పొట్ట నిండా నీళ్ళతో,
ఆ కాలవే వెతుక్కుంటూ వచ్చినట్టు.

నజీహా ఏమీ అనలేదు,
ఆయాసమో, మరొకటో.

ఇబ్రహీమియా మలుపులో కార్జం బండి.
పెనం మీద వెల్లుల్లి, పచ్చిమిరప, జీలకర్ర,
రొట్టె చీల్చి కూరే ముక్కలు.
ఫిక్రీ కాళ్ళు వాటంతటవే ఆగుతాయి.
"ఉన్నదొక్కటి పాడుచేసుకుని
ఇంకొకరిది తింటావా?" అని
మోచెయ్యి పట్టి లాక్కుపోతుంది నజీహా.

నన్ను మా అమ్మ "నా కార్జమా" అని పిలిచేది.
మా వైపు తల్లుల ముద్దు మాట అదే.
ఇలా కొవ్వు పట్టి, మచ్చలు కట్టి,
కుడి పక్కటెముకల కింద
రాయిలా కూర్చుంటుందని ఆమెకేం తెలుసు?

ముల్లుని ముల్లుతోనే తీయాలంటారు.
ఏడాదిపాటు పొడిపించుకున్నాను,
జుట్టు రాలింది, నిద్ర పోయింది,
సూదితో వచ్చింది సూదికి పోలేదు.
నడకకి పోతుందా?
"పోదు" అంది లమ్యా, అబద్ధమాడకుండా.
"కొవ్వు కరిగితే కాలేయానికి
కాస్త చోటు దొరుకుతుంది, అంతే."
చోటు సంగతి నాకు తెలుసు.
కిక్కిరిసిన ట్రాములో
ఒక్కడు దిగినా ఎంత గాలో!

చలికాలం అలలు గట్టు దాటి మొహాన కొట్టాయి.
రెండు రోజులు ఎగ్గొట్టాను, మూడో రోజు
నజీహా వీధిలో నిలబడి నా పేరు పెట్టి అరిచింది,
పరువు కోసం వెళ్ళాను.
ఆరు కిలోలు తగ్గాను. రంజాన్‌కి రెండు పెరిగాను.
రక్తంలో ఏదో అంకె కొంచెం దిగింది.
ఆ అంకెని ఫిక్రీ కాగితం మీద రాసుకున్నాడు,
నాది, తనది పక్కపక్కన, మగ్గాల లెక్కలా.

నిన్న స్పోర్టింగ్ దాటాక
ఫిక్రీ ఉన్నట్టుండి పాట అందుకున్నాడు,
పెళ్ళిళ్ళలో పాడే పాత పాట, చరణంతో సహా.
ఇద్దరం వాడి మీద విరుచుకుపడ్డాం:
"దొంగ నడక! పాట వస్తోందంటే నడవట్లేదన్నమాట!"
వాడు నవ్వుతూ వేగం పెంచాడు,
పాట తెగిపోయింది,
మేమూ వెంటపడ్డాం, సీదీ గాబర్ దాకా.

తిరిగొచ్చేటప్పుడు ట్రామెక్కాం.
కుర్ర కండక్టరు నన్ను గుర్తుపట్టలేదు.
టిక్కెట్టు కొన్నాను.
వాళ్ళిద్దరూ కూర్చున్నారు, మూడో సీటు ఖాళీ.
నేను కడ్డీ పట్టుకు నిలబడ్డాను,
క్లియోపాత్రా, స్పోర్టింగ్, ఇబ్రహీమియా,
అలవాటుగా
స్టాపుల పేర్లు గట్టిగా చెబుతూ.