అడుగున కాలవలు

కంపెనీ ఇచ్చిన బూట్లు తెల్లవి.
నాకంటే ముందు ఎవరో తొడిగి వదిలేసినవి.
లోపల మడమ దగ్గర బాల్‌పెన్నుతో రాసిన పేరు
సగం చెరిగి, '...వేణి' అని మిగిలింది.
తిరగేస్తే అడుగు
అరిటాకులా నున్నగా ఉంది.

రొయ్యల షెడ్డులో నేల ఎప్పుడూ ఆరదు.
ఐసు కరిగిన నీళ్ళు, తలకాయల జిగురు,
గంటకోసారి కొట్టే బ్లీచింగు.
మేం అక్కడ నడవం అసలు. జరుగుతాం,
తట్ట పట్టుకుని, పొట్ట బిగబట్టి,
వానరాత్రి చెరువుగట్టు మీద
లైటు లేకుండా పోతున్నట్టు.

జ్యేష్ఠంలో సువార్త పడింది.
పన్నెండు కిలోల తట్ట వదల్లేదు,
అందుకే చెయ్యి ఆన్చుకోలేకపోయింది.
సూపర్‌వైజరు ముందు రొయ్యల్ని ఏరించాడు.
తర్వాత ఆటో పిలిచాడు.
"చూసుకుని నడవాలి కదమ్మా" అన్నాడు,
నేల ఏ తప్పూ చెయ్యదన్నట్టు.
ఆ వేణి ఎక్కడ పడిందో,
అసలు పడిందో లేదో.

ఆ రాత్రి నుంచి మొదలు మా వైద్యాలు.
లోవకుమారి గరుకు కాగితంతో రుద్దింది,
రెండు పూటలు ఆగింది.
నేను వంతెన గోడకేసి గీకాను,
మూడు పూటలు.
అమ్మాజీ పుట్టిల్లు అంబాజీపేట వైపు,
కొబ్బరితాడు తెచ్చి బూటు చుట్టూ బిగించింది.
ఏం పట్టు!
తాటిచెట్టెక్కేవాడి కాలిబంధంలా
నేలని కరుచుకుంది.
నాలుగోనాడు ట్రేలో పీచుపోగు కనపడింది.
అమ్మాజీకి అరపూట జీతం కోత.

లాకుల దగ్గర చెప్పులు కుట్టే పరంజ్యోతి
మాట పొదుపు మనిషి.
నా బూటు బొటనవేలితో తడిమి
గ్లాసుడు నీళ్ళు సిమెంటు మీద ఒలకబోసి
"తొక్కు" అన్నాడు.
తొక్కాను. జర్రుమంది.
అతని గొడుగు కర్ర పట్టుకుని నిలబడ్డాను.
"పైన నీ కాలు, కింద సిమెంటు,
నీళ్ళు ఎటు పోవాలంటావు?
దారి లేని నీళ్ళు మనిషినే మోసేత్తాయి."

కుంపట్లో హాక్సా బ్లేడు ఎర్రగా కాల్చి
కోయడం మొదలెట్టాడు.
నడిమిన ఒక పెద్ద గీత,
దాన్నుంచి రెండు వైపులా ఏటవాలుగా చిన్నవి.
రబ్బరు కాలిన కంపు లాకు తలుపుల దాకా పాకింది.
ఇసుక లారీ హారను కొడితే
ఒకసారి తలెత్తాడు, అంతే.
గీతల చివర్లు మాత్రం అంచు దాటించాడు.
"ఇక్కడ మూశామంటే మురుగు నిలిచిపోద్ది."

మా నాన్న కౌలు చేను గుర్తొచ్చింది.
కాలవ తెచ్చే నీళ్ళకి ఆయన
ఏనాడూ భయపడలేదు.
డ్రెయిన్లో గుర్రపుడెక్క పేరుకుంటే
పోలేక నిలిచే నీళ్ళకే భయం.
ఒక కార్తీకంలో, ఈనిక మీదున్న చేను మునిగితే
వారం రోజులు గట్టు మీద పారతో నిలబడ్డాడు.
గండి కొట్టడానికి కింది చేనివాళ్ళు ఒప్పుకోలేదు.
వాళ్ళ చేనూ మునిగే ఉంది మరి.

జతకి ఇరవై.
పదకొండు జతలు సిమెంటు సంచిలో మోశాను.
సువార్త జత కూడా,
దాని చేతికి ఇంకా కట్టు విప్పకపోయినా.

"కంపెనీ సామాను కోస్తారా?"
సూపర్‌వైజరు రిజిస్టర్లో పేర్లు రాసుకున్నాడు.
కోత ఎంతో జీతాలనాడు తెలుస్తుంది.
ఈలోగా తట్టలు మోస్తున్నాం.
నిన్న లోవకుమారి, బుర్ర తిరిగిందేమో,
ఐసు గది దాకా పరుగెత్తి వచ్చింది.
ఎవరూ కసరలేదు. చూస్తూ ఉండిపోయాం.

డ్యూటీ దిగి బయటికొస్తే
ఎండిన సిమెంటు మీద నా తడి అడుగు:
నడిమిన పెద్ద గీత, అటూ ఇటూ చిన్నవి.
ఒకటి మాత్రం వంకర.
లారీ హారను కొట్టినప్పటిది కాబోలు.
కాలు కాస్త ఎత్తి చూశాను.
నీళ్ళు ముందు
దాన్లోంచే దిగుతున్నాయి.