స్టిల్లె మోర్గెన్, సున్నా కిలోలు

వార్డోలో జనవరి మొదటివారం.
మధ్యాహ్నం పన్నెండుకి కిటికీ అంచున కాస్త నీలం పూసి
తుడిచేస్తారెవరో.
చేపల వేలంశాల పైగదిలో
నేనూ, హీటరూ, ఇంత పెద్ద ప్రోగ్రామూ.

పెద్దదే గాని దానికి చేతుల్లేవు.
తూకం చదువుతుంది, ధర కడుతుంది,
చీటీ అచ్చువేయడం మాత్రం రాదు.
రాత్రి రెండూ నలభైకి
కిందింటి వాళ్లని లేపినట్టు
ఆపరేటింగ్ సిస్టమ్ తలుపు తడుతుంది:
"ఇదిగో, ఈ ఫైలు నడిపించి పెట్టు.
అయ్యేదాకా ఇక్కడే నిలబడతాను."

రెప్పపాటు ఓ నల్ల కిటికీ తెరుచుకుంటుంది,
మూసుకుంటుంది.
అందులో ఏం జరిగిందో ఎవరూ చూడరు.
ఒక అంకె మాత్రం బయటికొస్తుంది.
సున్నా అయితే క్షేమం.
రేవులో సున్నా అంటే ఖాళీ వల,
ఆ రోజు మా నాన్న భోజనం దగ్గర నోరు విప్పేవాడు కాదు.
ఇక్కడ సున్నా వస్తే
నేను కాఫీ పెట్టుకుంటాను.

ఆ బ్యాచ్ ఫైలు ఓడ్‌లౌగ్ రాసింది, నేను పుట్టకముందు.
పద్దులు రాసే మనిషి,
కంప్యూటర్నీ పద్దు పుస్తకంలాగే వాడింది.
ముప్పై ఒక్క వరుసలు. మధ్యలో,
యంత్రం చదవకుండా దాటిపోయే చోట, ఒక మాట:
"ఇక్కడ ఐదు సెకన్లు ఆగాలి. ప్రింటర్‌కి ఆయాసం."
ఆ ప్రింటర్ పోయింది, దాని తర్వాతదీ పోయింది.
తీసేద్దామని రెండుసార్లు వేలు పెట్టి
వెనక్కి తీసుకున్నాను.
ప్రతి రాత్రీ ఐదు సెకన్లు ఆగుతూనే ఉన్నాం,
పోయినవాళ్ల కోసం లేచి నిలబడ్డట్టు.

ఆమె కాలంలో పడవలవి ఒంటిమాట పేర్లు.
లుండె. తెర్నా. హావోర్న్.
గున్‌బ్యోర్గ్ కొత్త పడవ కొని
రెండు మాటలు పెట్టింది: స్టిల్లె మోర్గెన్.
అలికిడి లేని ఉదయం.
మధ్యన గోరంత ఖాళీ.

ఆ ఖాళీ దగ్గర ఆదేశం విరిగింది.
మొదటి మాట పడవ పేరయింది.
రెండో మాట వెళ్లి
బరువు కూర్చోవాల్సిన చోట కూర్చుంది.
అసలు బరువు, నాలుగువందల పన్నెండు కిలోల కాడ్,
మూడో కుర్చీలోకి జరిగింది; అక్కడ దాన్ని పలకరించే వరుసే లేదు.
మోర్గెన్ అంటే ఎంత, అని యంత్రం డబ్బాలన్నీ వెతికింది.
ఆ పేరుతో ఎవరూ ఏదీ దాచలేదు.
లేనిదాని విలువ సున్నా.
లెక్క తప్పని కూడా అనలేను,
నవంబరు చివర్నుంచీ ఈ ఊళ్లో
ఉదయం విలువ అంతే.

తొమ్మిది రాత్రులు
స్టిల్లె అనే పడవకి సున్నా కిలోలు.
తొమ్మిది రాత్రులు నల్ల కిటికీ
సున్నా, సున్నా అంటూ నన్ను జోకొట్టింది.
తొమ్మిది కాఫీలు.

పదో నాడు గున్‌బ్యోర్గ్ మెట్లెక్కి వచ్చింది,
బూట్ల మంచు దులపకుండా.
చీటీలన్నీ నా కీబోర్డు మీద పరిచింది.
అరవలేదు.
"సగం పేరుతో పిలిస్తే పడవ పలకదమ్మా," అంది.
"నా చేపలు పలికాయి గదా, తూకం మీద?"

పేరుకి అటో కొక్కెం, ఇటో కొక్కెం తగిలించాను.
అంతే మరమ్మతు. రెండు కోట్ గుర్తులు.
ముప్పై ఏళ్లలో ఎవరికీ వాటి అవసరం రాలేదు.
ఆ రాత్రి సున్నా వచ్చింది.
నమ్మలేదు. కాఫీ పెట్టలేదు.
కోటు తొడుక్కుని కిందికి దిగి
వెచ్చగా ఉన్న చీటీ చింపి చూశాను.
బరువు బరువులాగే ఉంది. పేరు నిండుగా ఉంది,
కొక్కేలతో సహా.

వాటిని ఒలిచేయడానికి ఇంకొక్క గుర్తు చాలు.
తెల్లారి, అంటే తెల్లారలేదు, ఎనిమిదయింది,
గున్‌బ్యోర్గ్‌తో అదే చెప్పాను:
అచ్చులో పడ్డాయి, రేపటికి తీసేస్తాను.
ఆమె చీటీని దీపం కింద పట్టి
ఉప్పుకి పగిలిన బొటనవేలితో
ఒక్కో కొక్కేన్నీ తడిమింది.

"ఉండనీ," అంది.
"ఇక్కడ గాలెక్కువ."