వెనక మనిషి

ఆదివారం. ఐదుకు పది తక్కువ.
చంద్రగిరి రైల్వే గేటు పడి ఉంది.
గేటుకు ఇవతల పదకొండు మందిమి
చలికి కాళ్ళు మార్చి మార్చి తొక్కుతున్నాం.
గూడ్సు బండి పోతా ఉంది, పోతానే ఉంది.
చెంగల్రాయుడు పెట్టెలు లెక్కపెడుతున్నాడు,
పరుగు మొదలుకాక ముందే ఊపిరి ఖర్చు చేస్తూ.

ముందు మనిషి దేవసేన.
ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ దిగి
నిద్రను ఎక్కడో మడిచి దాచిపెట్టి వచ్చింది.
నడుముకు కట్టిన గుడ్డసంచీలో ముగ్గుపిండి.
దావ చీలిన ప్రతిచోటా
ఆగీ ఆగనట్టు వంగి
ఒక బాణం గీసి పోతుంది.
వాకిళ్ళలో తిరిగిన చెయ్యి, వంకర పోదు.

వెనక మనిషిని నేను.
ముప్పై ఒక్క ఏళ్ళు
బస్సు వెనక తలుపు పట్టుకొని నిలబడినోణ్ణి,
నాకింకెక్కడ చోటిస్తారు?
రిటైరైనా మెడలో విజిలు మాత్రం దిగలేదు.
ఒక ఊదు ఊదితే ఆగు,
రెండు ఊదితే పో.

వీళ్ళ ముఖాలకంటే వీపులు నాకు బాగా తెలుసు.
ఖాదర్‌వలి చొక్కా మీద చెమట
ముందు కుడిభుజం దగ్గరే మొదలవుతుంది.
కాలేజీ పిల్ల యామిని
చేతి గడియారం చూసినప్పుడల్లా జడ ఎడమకు ఊగుతుంది.
చెంగల్రాయుడి మెడ ఎర్రబడిందంటే
ఇంకో ఫర్లాంగులో నడక.

చెనిక్కాయ చేల గట్లు దాటాం.
అడవిపందుల కాపలా మంచె మీద
ఎవరో దుప్పటి తీసి చూసి మళ్ళీ కప్పుకున్నారు.
పలుగురాళ్ళ గుట్ట మొదలైంది.
తెల్లవారకుండానే తెల్లగా ఉండే గుట్ట.
బూటు కింద రాయి
సత్తుగిన్నె మీద గరిటె తగిలినట్టు మోగుతుంది.
తంగేడు పొదల్లో మంచు, మోకాళ్ళ దాకా తడి.
మాటలు ఒక్కొక్కటే రాలిపోయి
చివరికి పదకొండు ఊపిర్లు మిగిలాయి,
తర్వాత నా ఒక్కడిదే.

బూటు లేసు కట్టుకొని లేచేసరికి
ముందు వీపులు లేవు.
దావ రెండుగా చీలి ఉంది. బాణం లేదు.
బాణం ఉండాల్సిన చోట
నాలుగు మేకలు, తెల్లబడిన మూతులు.

"ఎవురు తరుముతాండారబ్బా మిమ్మల్ని?"
బండ మీద నుంచి దేశమ్మ అడిగింది.
ఎవరూ లేదన్నాను.
"తరిమే వాళ్ళు లేకుండా పరిగెత్తే జనాన్ని
ఇప్పుడే చూస్తాండా" అని
కర్రతో వంక వైపు చూపించింది.
"దీంట్లో దిగితే నేరుగా గేటే."

దిగాను.
ఇసకలో పడి లేచి, బలుసు ముళ్ళకు చొక్కా ఇచ్చి
గేటు దగ్గర తేలాను.
ఎవరూ రాలేదు. నేనే ముందు.
పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.
గేటుమ్యాను పోసిన టీ
రాజులాగా కాలు మీద కాలేసుకొని తాగాను,
సగం వరకే.

గుట్ట మీద నుంచి ఒక పేరు వినిపించింది.
నాదే.
ఒక గొంతు, తర్వాత నాలుగు, తర్వాత అన్నీ.
ఎండ పడ్డ పలుగురాళ్ళ మీద పది చుక్కలు
కిందికి రావడం లేదు,
వచ్చిన దావనే వెనక్కి ఎక్కుతున్నాయి.

ముప్పై ఒక్క ఏళ్ళలో
ఎంతమందిని ఎక్కించుకోవడానికి బస్సు ఆపానో,
నా కోసం ఏ బస్సూ ఆగిన గుర్తు లేదు.

విజిలు పెదాలకు తగలడానికి రెండుసార్లు తప్పింది.
ఒక ఊదు.
చుక్కలు ఆగాయి.
రెండు ఊదులు.

తిరిగాయి.
వీపులు మాత్రమే తెలిసినోడికి
ఎదురుగా ముఖాలు, ఒకటి వెనక ఒకటి,
పరుగెత్తి వస్తున్నాయి.
ఖాదర్‌వలి నవ్వితే ముందుపన్ను విరిగి ఉంటుందని
నాకిప్పుడే తెలిసింది.
చెంగల్రాయుడి పెదాలు ఇంకా ఏదో లెక్కలోనే ఉన్నాయి,
గూడ్సు పెట్టెలో, కట్టాల్సిన కంతులో.

తిట్టడానికి ఊపిరి చాలక
దేవసేన సంచీ తిప్పి దులిపింది.
మిగిలిన పిండంతా నా బూట్ల మీద పడింది.