ఏడు వోల్టులు

సెలెస్తినో నడిచి వచ్చాడు.
అంటే బండి రాలేదని అర్థం.
ఉయుని వీధుల్లో ఇంకా చీకటి,
బకెట్లో నీళ్ళు రాయై కూర్చున్నాయి.
"నికనోరా, కొత్త బ్యాటరీ వేశాను,
రెండు లామాలు అమ్మి వేశాను.
అయినా టక్ అంటుంది, ఊరుకుంటుంది."

టక్.
టకటకా కొట్టుకునేది ఆకలితో ఉన్న బండి.
ఇది అలా కాదు.
తలుపు తీయబోయి మానుకున్న మనిషిలా
ఒక్కసారే.

స్టార్టరు పోయిందన్నాడట అతని తోడల్లుడు.
డీజిలు అమ్మే ఇసిద్రో సోలినాయిడ్ అన్నాడట.
ఎవరి నోట చూసినా ఒక సామాను పేరే,
పేరు చెప్పినవాడెవడూ డబ్బు కట్టడు.

మా నాన్న పులకాయో గనిలో దీపాలు చూసేవాడు.
"వెళ్ళే దారి అందరూ వెతుకుతారే పిల్లా,
కరెంటు తిరిగొచ్చే దారి ఎవడూ చూడడు" అనేవాడు.
ఆయన చెప్పినవాటిలో
నాకు గుర్తున్నది ఇదీ,
దగ్గుకి ఏదో కషాయమూ.

బానెట్ ఎత్తాను.
స్పానరు పట్టుకుంటే వేళ్ళ తోలు దానికే అంటుకుంటోంది.
బ్యాటరీ మీద మీటరు: పన్నెండున్నర.
"తాళం తిప్పు."
టక్.
ముల్లు కాస్త వంగింది,
పన్నెండు దగ్గర నిలబడింది.
"నీ లామాలు గట్టివే" అన్నాను.
నవ్వలేదు.

ఎర్ర వైరు వెంట స్టార్టరు దాకా పోయాను.
"తిప్పు." పావు వోల్టు కూడా జారలేదు.
పెద్ద వైరు నిజాయితీగలది.
ఇప్పుడు ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద,
ఇంకో కొస ఇంజను ఒంటి మీద, మసి గీకి.
రెండూ ఒకటే కావాలి,
మధ్యలో సున్నా ఉండాలి.
"తిప్పు."

ఏడు.

పన్నెండిట్లో ఏడు
స్టార్టరు గడప తొక్కకుండానే
ఎవరో తినేస్తున్నారు.

గొంగడి పరుచుకుని కిందికి దూరాను.
చట్రానికీ ఇంజనుకీ మధ్య
జానెడు రాగి అల్లిక పట్టీ ఒకటుంటుంది.
మా వాళ్ళు దాన్ని నేల అంటారు.
దాని మీద ఆకుపచ్చ బూజు,
బూజు మీద ఉప్పు.
పదకొండేళ్ళు ఈ బండి ఉప్పు మైదానం మీద తిరిగింది.
వానలకు జానెడు నీళ్ళు నిలిస్తే
ఆకాశం మీద పోతున్నట్టుందని
ఎక్కడెక్కడివాళ్ళో ఫోటోలు తీసుకున్నారు.
ఆ ఆకాశమే చక్రాల కింద నుంచి ఎగిరి
ఇక్కడ కూర్చుంది.

గోటితో తాకితే రాలింది.
మిగిలినవి మూడు పోగులు.
నిన్నటిదాకా బండి నడిచింది
ఆ మూడిటి మీదే.

జంపర్ కేబులు ఒక్కటే తీశాను, నల్లది.
నెగటివ్ నుంచి ఇంజను కొక్కేనికి కరిపించాను.
సెలెస్తినో సీసా మూత తీసి
నాలుగు చుక్కల సారాయి నేలకు పోశాడు.
వద్దనలేదు.
చిక్కు నేల దగ్గరే కదా.
"తిప్పు."

ముందు దగ్గింది.
తెల్లటి పొగ షెడ్డంతా నింపి
తర్వాత ఒంటి బరువంతా ఊపుకుంటూ లేచింది.

పట్టీ ఖరీదు చెప్పాను.
ఒక పూట సూపు, రొట్టె.
అతను మళ్ళీ అడిగాడు, మళ్ళీ చెప్పాను.
బ్యాటరీ కొట్టువాడు వెనక్కి తీసుకోడు,
లామాలు కొన్నవాడు పొద్దున్నే పొతోసీ బస్సెక్కి ఉంటాడు.

స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి
"చిన్నదానికి పేరు కూడా పెట్టాం" అన్నాడు.
ఏం పేరన్నాను.
చెప్పాడు.
ఇంజను చప్పుడులో వినపడలేదు.
మళ్ళీ అడగలేదు,
కొత్త పట్టీ బోల్టు బిగిస్తూ ఉండిపోయాను,
బిగిసిన తర్వాత కూడా ఇంకో పావు చుట్టు.