సున్నా మీట

గ్రిమ్స్‌బీ ఆసుపత్రిలో కార్లు ఆపే చోట
యంత్రం ముందు వరుసలో నిలబడింది మ్యూరియల్ ఓడ్లింగ్.
సముద్రం మీంచి అడ్డంగా కొడుతోంది వాన.
కుడిచేతి గ్లవ్ పళ్లతో పీకి, నోట్లోనే పట్టుకుని
బండి నంబరు కొట్టింది.
ఎఫ్, ఎక్స్, ఓ, ఏడు...
మూడు పౌండ్ల అరవై పెన్నీలు మింగి
చీటీ కక్కింది యంత్రం.
తెర మీద థాంక్యూ అని కూడా అంది.

పదకొండో రోజున వంద పౌండ్ల కాగితం.
మీ బండికి డబ్బు కట్టలేదు,
పద్నాలుగు రోజుల్లో కడితే అరవై.
పక్కన ఫొటోలో తన చిన్న నీలం కారు,
తడిసి, దొంగముఖం వేసుకుని.

కొట్టవలసింది సున్నా.
ఆమె కొట్టింది ఓ.

మరి ఆ మూడు పౌండ్ల అరవై?
లోకంలో ఎక్కడా లేని ఒక కారుకి
రెండు గంటల చోటు కొనిపెట్టిందట మ్యూరియల్.

పదహారేళ్లప్పుడు చేపల రేవు ఆఫీసులో
ఆమెకిచ్చిన టైపు మిషనుకి సున్నా మీటే లేదు.
కాడ్ ఎన్ని పెట్టెలు, హాడక్ ఎన్ని పెట్టెలు,
పదులూ వందలూ వేలూ
అన్నీ పెద్ద ఓ తోనే కొట్టింది
ముప్పై ఒక్క ఏళ్లు.
నా వంద పెట్టెలు ఏవమ్మా, ఇక్కడ ఒకటీ ఓ ఓ ఉందే అని
ఒక్క పడవ యజమానీ మెట్లెక్కి రాలేదు.

మనకైతే ఇది వింతా కాదు.
పదిలో ఒకటి పక్కన ఉన్నదీ
పందిరిలో ప పక్కన ఉన్నదీ ఒకటే గుండ్రం.
పలకడం మానేసిన అరసున్నని కూడా
ఎన్నాళ్లో వరుసలోంచి లేవమనలేదు.

ఆమె కారు పలక మీదా అంతే, ఓ, సున్నా ఒకే అచ్చు.
వానలో వంగి, బట్టలు కుట్టే టేపుతో కొలిచి చూసింది.

ఆ రోజు మూడో అంతస్తులో
తమ్ముడు హెడ్లీ కప్పు చూపించి కిటికీ అన్నాడు.
మెదడులో నరం చిట్లిన దగ్గర్నుంచి
అతని మాటలు ఒకదాని కుర్చీలో ఒకటి కూర్చుంటున్నాయి.
కిటికీ, కిటికీ, అన్నాడు, గొంతెండి.
సరే అంది నర్సు టెండాయి.
కిటికీ నిండా టీ పోసి తెచ్చింది,
రెండు చెంచాల పంచదారతో.

మొదటి ఉత్తరానికి తిరస్కారం వచ్చింది.
కింద సంతకం లేదు, అప్పీళ్ల బృందం అని ఉంది.
నిబంధనలు బోర్డు మీద స్పష్టంగా ఉన్నాయట.
ఉన్నాయి. ఎనిమిదడుగుల ఎత్తున, హోలీ పొద వెనక,
చీమల బారులా.

అరవై పారేసి వదిలించుకోరాదూ, అన్నాడు పక్కింటి డెస్మండ్.
నేను కట్టాను, అంది మ్యూరియల్.
ఇంకేం చెప్పలేదు. టీ కూడా ఇవ్వలేదు.

అటక మీంచి పాత మిషను దింపి
వంటింటి బల్ల మీద పెట్టి రాసింది, ఈసారి పైవాళ్లకి.
చీటీ నకలు, బ్యాంకు కాగితం, టేపు ఆనించిన పలక ఫొటో.
చివర ఒక వాక్యం:
నేను కొట్టినదానికీ నా బండి మీద ఉన్నదానికీ
మీ కెమెరాకి తేడా కనబడితే
దయచేసి నాకూ చూపించండి.
తేదీలో సున్నా వచ్చిన చోట
ఓ కొట్టింది, కావాలనే.

ఆరు వారాలకి జవాబు.
సద్భావనతో రద్దు చేస్తున్నాం.
సద్భావనట, అని ముక్కుతో ఒక శబ్దం చేసింది.
మడవబోతూ ఆగి, కళ్లజోడు మార్చుకుంది.

పైన చిరునామాలో, తన ఇంటిపేరు మొదట,
ఓ ఉండవలసిన చోట
సన్నగా, కోలగా
ఒక సున్నా నిలబడి ఉంది.

పోస్టుమాన్ మాత్రం
సరైన గుమ్మంలోనే వేసి వెళ్లాడు.