రెండో వైపు, పదిహేడో నిమిషం

రాత్రి పదకొండు దాటితే గానీ
ఓస్టర్‌వార్ఫ్‌లో ట్రాక్టర్లు నిద్రపోవు.
ఆ తర్వాతా ఉత్తర సముద్రం గాలి ఉంటుంది,
దాన్ని ఎవరు ఆపుతారు?
మైకులకు బొచ్చుటోపీలు తొడిగి
ఇటుకల చర్చిలో కాచుకుని కూర్చున్నాను.

తాళాలు ఫోల్కె దగ్గరుంటాయి.
ఆవిడ నన్ను నమ్మదు.
"ముందొచ్చినవాళ్ళూ ఇలాగే
చెవులకు చిప్పలు తగిలించుకున్నారు" అంటూ
పటికబెల్లం మీద వేడి టీ పోస్తుంది.
అది చిటుక్కున చిట్లుతుంది.
"ఇది కూడా పట్టావా?"
పట్టాను. చెప్పలేదు.

ఈ ఒక్క ఆర్గన్‌వే నా దగ్గర పంతొమ్మిది రికార్డులు.
మా ఆవిడ యూటా లెక్కపెట్టడం మానేసింది.
అదే వాద్యం, అవే పాటలు, ఇన్నెందుకు అంటుంది.
ఒకే కిటికీలోంచి పంతొమ్మిది వానలు
ఎలా చెప్పను?

ముందు వరస గొట్టాలు కొత్తవి.
పాత తగరాన్ని యుద్ధానికని పీక్కుపోయారు.
వెనక చీకట్లో మాత్రం
చిటికెనవేలంత పసిగొట్టం నుంచి
మనిషి దూరేంత ముసలిదాని దాకా
మూడు వందల ఏళ్ళుగా నిలబడే ఉన్నాయి
ఎవరైనా పిలిస్తే పలుకుదామని.

శ్రుతి కూడా అప్పటిదే.
అందులో ఒక జంట స్వరాలకు పొత్తు కుదరదు.
కలిపి నొక్కితే ఊళ పెడతాయి.
తోడేలు అంటారు ఆ చోటుని.
కరిచే కుక్కున్న ఇంటిని తప్పించుకున్నట్టు
వాయించేవాళ్ళంతా చుట్టు తిరిగి పోతారు.
ఇవాళ గేషె, ఇరవై నాలుగేళ్ళ పిల్ల,
కావాలనే దాని తోక తొక్కింది.
కిటికీ అద్దాలు వణికాయి.
నేను మీటరు చూడ్డం మర్చిపోయాను.

కాళ్ళ కింది పెద్ద గొట్టం పలికితే
ఆ మోత చెవికి రాదు.
బల్లలోంచి తొడలకు, తొడల్లోంచి దవడకు ఎక్కుతుంది.
మైకుకు దవడ లేదు.
ముప్పై ఏళ్ళుగా నా బాధ అదొక్కటే.

టీ రెండో కప్పు దగ్గర నోరు జారాను.
పదిహేనేళ్ళప్పుడు కొన్న నా మొదటి రికార్డు ఇక్కడిదే.
రెండో వైపు, పదిహేడో నిమిషం,
ఒక పొడుగు స్వరం ఆరిపోతున్న చోట
ఎవరో దగ్గుతారు.
రెండు దగ్గులు:
ఒకటి ఆపుకున్నది, ఒకటి ఆపుకోలేనిది.
మా సేకరణల వాళ్ళందరికీ అదొక మచ్చ.
కొత్త ముద్రణలో తుడిచేశారు కూడా.

ఫోల్కె కప్పు కింద పెట్టింది.
"ఎబ్బో," అంది.

సముద్రపు కట్ట మీద మట్టి మోసేవాడట.
ఆ రోజు కరెంటు పంకా మొరాయిస్తే
పరిగెత్తుకొచ్చి తిత్తులు తొక్కాడట,
రొంపతోనే, సాయంత్రం దాకా.

ఆ అట్ట నాకు కంఠస్థం.
ఆర్గన్ చేసినవాడి పేరుంది, వాయించినవాడిదుంది,
మైకు పెట్టినవాడిది, ఫోటో తీసినవాడిది కూడా.
ఊపిరి పోసినవాడిది లేదు.

మీకేమవుతాడు అని అడిగాను.
"ఏమీ కాలేదు," అంది.

కాసేపటికి తనే అడిగింది,
"ఆ కడగని రికార్డు నీ దగ్గరుందా?"

వెనక్కెళ్ళి పంకా ఆపేశాను.
కొలిమితిత్తికి పెద్దమ్మలాంటి తోలు తిత్తి
నా కాలి బరువుకి మూలిగి కిందికి దిగింది.
గేషె మళ్ళీ మొదలుపెట్టింది.
గాలి సమంగా రావడం లేదు, నాకు తెలుసు.
స్వరాలు కొంచెం తూలుతున్నాయి.
నాలుగో పుటకే నాకు ఆయాసం.
అదంతా రికార్డవుతోంది.
కానీ.

కొయ్య సందులోంచి చూస్తే
నా కుర్చీలో ఫోల్కె,
చిప్పలు కుడిఎడమలు మార్చి పెట్టుకుని,
రెండు చేతులతో అదిమి పట్టుకుని,
ఎక్కడో ఒక దగ్గు కోసం
ఎదురుచూస్తున్నట్టు.